పాదరసం ఎక్కడికీ పోదు

మొన్న ఆదివారం పొద్దున్నే ఫోను మోగింది. బషీర్‌బాగ్‌లో మా క్లినిక్‌కి చాలా ఏళ్లుగా వస్తున్న కుటుంబం. "డాక్టరు గారూ, బాబుకి జ్వరం చూస్తుంటే థర్మామీటరు చెయ్యిజారి పగిలింది. లోపలి పాదరసం గోలీల్లా గచ్చంతా దొర్లింది. వాడు ఒకటి నోట్లో వేసుకున్నాడేమోనని భయంగా ఉందండీ" అంది ఆ తల్లి, గొంతు వణుకుతుండగా.

ముందు ధైర్యం చెప్పాను. థర్మామీటరులో ఉండే ద్రవరూప పాదరసం కడుపులోకి వెళితే దాదాపుగా ఒంటికి పట్టదు. విరేచనంతో బయటికి వచ్చేస్తుంది. గాజుముక్క మింగాడేమో చూసుకోవాలి, నోరు తెగిందేమో చూసుకోవాలి. అసలు భయపడాల్సింది దాని ఆవిరికి. తలుపులు మూసిన గదిలో ఆ గోలీలు నేలమీదే ఉండిపోతే కంటికి కనిపించని ఆవిరి లేస్తుంది. పీల్చిన ఆవిరిలో దాదాపు 80 శాతం ఊపిరితిత్తుల ద్వారా రక్తంలోకి చేరుతుంది.

"మరి ఆ గోలీలన్నీ ఏం చేశావమ్మా?" అని అడిగాను.

"చీపురుతో ఊడ్చి, సింకులో వేసి, బాగా నీళ్లు కొట్టేశానండీ. ఇప్పుడు ఇంట్లో ఒక్కటి కూడా లేదు."

ఆమెను కోప్పడే అర్హత నాకు లేదు. చాలా ఏళ్ల కిందట మా క్లినిక్‌లోనే బీపీ చూసే మిషను బల్ల మీది నుంచి పడి పగిలింది. ఆయా తడిగుడ్డతో తుడిచి, బకెట్టు నీళ్లతో మోరీలో కొట్టేసింది. నేను పక్కనే ఉన్నాను. ఏమీ అనలేదు. ఒక థర్మామీటరులో ఉండే పాదరసం సుమారు ఒక గ్రాము. పాతకాలపు బీపీ మిషనులో వంద గ్రాముల దాకా ఉంటుంది. అంటే నేను చూస్తుండగానే వంద థర్మామీటర్ల పాదరసం మోరీ పాలైంది. ఆ రోజు మేమందరం అనుకున్నది ఒక్కటే: పీడ పోయింది.

పోలేదు. ఈ వారం మీతో చెప్పాలనుకున్నది ఇదే. చెత్త కుళ్లుతుంది, ప్లాస్టిక్ కాల్చితే పొగవుతుంది, మందుబిళ్ల నీళ్లలో విరిగిపోతుంది. పాదరసం మూలకం. విరగదు, కుళ్లదు, కాలిపోదు. చోటు మారుతుంది, రూపం మారుతుంది, అంతే. మన ఊళ్లో అది చివరికి చేరే చోటు నాలా అడుగున, చెరువు అడుగున, నది అడుగున పేరుకునే నల్లటి బురద.

బురదలో జరిగే మార్పు

నీళ్లలో పడిన పాదరసం ఎక్కువసేపు నీళ్లలో ఉండదు. మట్టి రేణువులకు, కుళ్లిన ఆకుల నలుసులకు అతుక్కుని మెల్లగా అడుక్కి దిగుతుంది. అక్కడ గాలి ఆడదు. మురుగు ఎక్కువైన చెరువు అడుగున ప్రాణవాయువు అసలే ఉండదు. అలాంటి చోట బతికే కొన్ని రకాల బ్యాక్టీరియా పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. కథ మలుపు తిరిగేది ఇక్కడే.

మింగిన పాదరసం గోలీ ఒంటికి పట్టదని చెప్పాను కదా. మిథైల్ పాదరసం అలా కాదు. ఆహారంలో వచ్చిన దానిలో 95 శాతం దాకా పేగుల నుంచి రక్తంలో కలుస్తుంది. మెదడులోకి వెళ్లగలదు. గర్భిణి మాయను దాటి బిడ్డను చేరగలదు. శరీరంలో చేరినదాంట్లో సగం బయటికి పోవడానికే దాదాపు రెండు నెలలు పడుతుంది.

ఇది చేపలోకి ఎక్కే పద్ధతి మెట్లెక్కడం లాంటిది. బురదలోంచి నాచుకు, నాచు తినే పురుగుకు, పురుగును తినే చిన్నచేపకు, చిన్నచేపను మింగే పెద్దచేపకు చేరుతుంది. ప్రతి మెట్టు దగ్గరా గాఢత పెరుగుతుంది. చివరి మెట్టు మీద ఉన్న వేటచేప కండలో, చుట్టూ ఉన్న నీటికంటే లక్షల రెట్లు ఎక్కువ ఉండొచ్చు. మన ప్రమాణాలు చూసినా ఈ సంగతి తెలుస్తుంది. తాగునీటిలో లీటరుకు ఒక మైక్రోగ్రాము మించి పాదరసం ఉండకూడదని భారతీయ ప్రమాణం. ఆహారంలో మిథైల్ పాదరసానికి పెట్టిన హద్దు కిలోకు 250 మైక్రోగ్రాములు. నీళ్లు పరీక్షలో నెగ్గినంత మాత్రాన, ఆ నీళ్లలో పెరిగిన చేప కూడా నెగ్గిందని కాదు.

మన గుమ్మం ముందున్న సాగరం

మా క్లినిక్ నుంచి ట్యాంక్‌బండ్‌కి నడిచి వెళ్లొచ్చు. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1562-63 ప్రాంతంలో కట్టిన చెరువు అది. 1930 దాకా ఊరికి తాగునీళ్లిచ్చింది. ఆ తర్వాత ఊరు పెరిగింది. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు నాలుగూ మురుగు మోసుకొచ్చి అందులో పడ్డాయి. వీటిలో కూకట్‌పల్లి నాలాది వేరే కథ. బాలానగర్, జీడిమెట్ల, సనత్‌నగర్ పారిశ్రామిక వాడల వ్యర్థాలు దశాబ్దాల పాటు ఆ దారినే వచ్చాయి. ఆ ప్రాంతాల మట్టిలో భారలోహాలు ఎంత పేరుకున్నాయో ఉప్పల్ రోడ్డులోని మన ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలే కొలిచి చెప్పారు.

ఈ చెరువు అడుగు ఎలాంటిదో పాతవాళ్లకు ఒక జ్ఞాపకం ఉంటుంది. 1990 మార్చిలో బుద్ధ విగ్రహాన్ని తీసుకెళ్తున్న పంటు ఒరిగి, విగ్రహం నీళ్లలోకి జారిపోయింది. మనుషుల ప్రాణాలు కూడా పోయాయి. రెండేళ్ల పాటు అంత పెద్ద రాతి విగ్రహం సాగరం అడుగున పడుకుని ఉంది. 1992లో పైకి తీసి నిలబెట్టారు. రాయి కాబట్టి తీయగలిగాం. ఆ చుట్టూ ఉన్న బురదలో ఏళ్ల తరబడి కలిసిపోయినదాన్ని తాళ్లు కట్టి లాగలేం.

ఇక వినాయక నిమజ్జనం. ఆ రోజు మన బషీర్‌బాగ్ చౌరస్తాలో నిలబడితే చార్మినార్, మోజంజాహీ మార్కెట్, అబిడ్స్ మీదుగా వచ్చే లారీలన్నీ లిబర్టీ వైపు సాగరానికి వెళ్తూ కనిపిస్తాయి. ఏటా పిల్లలతో నేనూ నిలబడి దణ్ణం పెట్టుకుంటాను. రంగుల్లో పాదరసం, సీసం, కాడ్మియం, క్రోమియం వంటి లోహాలు ఉండొచ్చని, అలాంటి రంగులు వాడొద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెబుతూనే ఉంది. 2010లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2020లో వాటిని సవరించింది. క్రేనుతో విగ్రహాల అవశేషాలు తీసేస్తున్నారు కదా అంటారు. తీసేది చట్రాన్ని, పిండిని. రంగు అప్పటికే కరిగి అడుక్కి చేరి ఉంటుంది.

అలాగని తప్పంతా పండగ మీదకు నెట్టడం నాకు ఇష్టం లేదు. నిమజ్జనం ఏడాదిలో కొద్దిరోజులు. నాలా 365 రోజులూ పారుతుంది. భక్తుల మీద కేకలు వేసి, ఫ్యాక్టరీ పైపును, ఆసుపత్రి మోరీని, మన సింకును వదిలేస్తే అది న్యాయం కాదు, వైద్యమూ కాదు.

సాగరంలోకి వచ్చింది సాగరంలోనే ఉంటుందనీ అనుకోవద్దు. అలుగు నీళ్లు అశోక్‌నగర్, నల్లకుంట వైపుగా పారి మూసీలో కలుస్తాయి. మూసీ నల్లగొండ జిల్లాలోని వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దారి పొడవునా ఆ నీళ్లతో గడ్డి పెంచుతారు, వరి పండిస్తారు, చేపలు పడతారు. బషీర్‌బాగ్ మోరీలో పోసింది ఎవరి కంచంలో తేలుతుందో మనకు తెలియదు.

ఒక కొండ చెరువు నేర్పిన పాఠం

"చెరువు నీళ్లు పరీక్ష చేయిస్తున్నారు కదా?" అని మీరు అడగొచ్చు. చేయిస్తున్నారు. మన చెరువుల మీద వచ్చే నెలవారీ లెక్కల్లో సాధారణంగా కనిపించేవి ఆమ్లగుణం, కరిగిన ఆక్సిజన్, బీఓడీ, మలసంబంధ బ్యాక్టీరియా. అవి మురుగు సంగతి చెబుతాయి. అడుగు మట్టిలో పాదరసం సంగతి చెప్పవు.

ఎలా చేయాలో చూడాలంటే కొడైకెనాల్ కేసు చూడాలి. అక్కడి థర్మామీటర్ల ఫ్యాక్టరీ పాదరసం వ్యర్థాల గొడవతో 2001లో మూతపడింది. ఆ చుట్టుపక్కల చెరువులను పరీక్షించినవాళ్లు ఎవరో తెలుసా? మన హైదరాబాదీలే. ఈసీఐఎల్ దగ్గర ఉన్న భాభా అణు పరిశోధన కేంద్రం వారి పదార్థ విశ్లేషణ ప్రయోగశాల శాస్త్రవేత్తలు, జేఎన్‌టీయూ ఆచార్యులు కలిసి చేశారు. వాళ్లు నీటితో ఆగలేదు. నీళ్లు, అడుగు మట్టి, చేపలు మూడింటినీ కొలిచారు. కొడై చెరువు అడుగు మట్టిలో ఉన్న పాదరసంలో సుమారు 6 శాతం మిథైల్ రూపంలో ఉందని తేల్చారు. చేపల్లోనూ దొరికింది. ఆ ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. అంటే ఈ పని చేయగల చేతులు మన ఊళ్లోనే ఉన్నాయి.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో చెప్పడానికి జపాన్‌లోని మినమాట చాలు. అక్కడి రసాయన కర్మాగారం మిథైల్ పాదరసం కలిసిన నీళ్లను సముద్రపు పాయలోకి వదిలింది. ముందు పిల్లులు పిచ్చెక్కినట్లు ఎగిరి పడి చచ్చాయి. 1956లో మనుషుల జబ్బు అధికారికంగా బయటపడింది. వేళ్లు తిమ్మిరెక్కడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం, చూపు చుట్టుపక్కల నుంచి కుంచించుకుపోవడం... ఇవీ లక్షణాలు. పెద్దగా జబ్బు కనిపించని తల్లులకు కూడా మెదడు దెబ్బతిన్న పిల్లలు పుట్టారు. 1968లో వ్యర్థాలు ఆగాయి. బురద మాత్రం ఆగలేదు. 1977లో మొదలుపెట్టి 1990 దాకా దాదాపు 15 లక్షల ఘనపు మీటర్ల బురద తోడి, గోడ కట్టి పూడ్చి, 58 హెక్టార్ల నేల చేశారు. అక్కడి చేప తినొచ్చని ప్రకటించింది 1997లో. పైపు మూసిన తర్వాత ఇరవై తొమ్మిదేళ్లు!

మన చెరువులు మినమాట అని నేను అనడం లేదు. అక్కడ పోసిన మోతాదు వేరు. కానీ బురద గుణం ఎక్కడైనా ఒకటే. అది మరిచిపోదు.

మరి చేప మానేయాలా?

వద్దు. ఈ వ్యాసం చదివి చేప మానేస్తే నేను మీకు మేలు చేయకపోగా కీడు చేసినవాణ్ని అవుతాను. చేపలోని మాంసకృత్తులు, ఒమేగా-3 కొవ్వులు గర్భిణికి, కడుపులోని బిడ్డ మెదడుకు, మీ గుండెకు కావాలి. మృగశిర కార్తె వచ్చిందంటే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం నుంచి రాంనగర్ మార్కెట్ దాకా ఊరంతా చేపల సందడే. ఆ సంబరం అలాగే ఉండాలి. తెలుసుకోవాల్సింది ఏ చేప, ఎక్కడి చేప అన్నదే.

రోహు, బొచ్చె నాచు, చిన్న జీవులు తిని బతికేవి. మెట్లలో కింది మెట్టు మీద ఉంటాయి. చెరువుల్లో పెంచినవి ఏడాది, ఏడాదిన్నరకే మార్కెట్‌కి వస్తాయి కాబట్టి పేరుకునే వ్యవధి తక్కువ. చిన్న సముద్రపు చేపలూ అంతే. కొర్రమీను, వాలుగ ఇతర చేపలను తినేవి. శుభ్రమైన నీటిలో పెంచిన కొర్రమీనుతో ఇబ్బంది లేదు. నగరం మురుగు చేరే చెరువులో పట్టిన పెద్ద కొర్రమీను మాత్రం వద్దు. సముద్రపు చేపల్లో సొర, ఏళ్ల తరబడి పెరిగిన భారీ వేటచేపలు గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు తినకపోవడమే మంచిది. చేపలవాణ్ని "ఎక్కడి సరుకు?" అని అడగడానికి మొహమాటపడకండి. బంగారం కొనేటప్పుడు హాల్‌మార్క్ అడుగుతున్నాం కదా.

ఇంకో మాట. తోలు తీసినా, ఉప్పు, నిమ్మకాయతో ఎన్నిసార్లు కడిగినా, వేపుడు చేసినా, పులుసు పెట్టినా చేపలోని పాదరసం పోదు. అది కొవ్వులో కాదు, కండలో ఉంటుంది. అలాగే ఒంట్లోంచి పాదరసం లాగేస్తామంటూ డబ్బాల్లో అమ్మే పొడుల వెంట పడొద్దు. నిజంగా అనుమానం ఉంటే, రోజూ వేటచేపలు తినే అలవాటు ఉండి తిమ్మిర్లు, తూలడం వంటివి కనిపిస్తే, డాక్టరుకు చూపించుకోండి. అవసరమైతే రక్తపరీక్ష రాస్తారు.

మన ఇంటి నుంచి ఒక్క చుక్కా వద్దు

ఇంట్లో పాదరసం థర్మామీటరు ఉంటే పగిలే దాకా ఆగకండి. డిజిటల్‌ది కొనుక్కోండి. పాతదాన్ని గట్టి డబ్బాలో పెట్టి మూత బిగించండి. పాత బీపీ మిషను ఉంటే అంతకంటే జాగ్రత్త.

పగిలితే: పిల్లల్ని గది బయటికి పంపండి. కిటికీలు తెరవండి, ఏసీ ఆపండి. గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టండి. పాదరసం తగిలితే బంగారం తెల్లబడిపోతుంది. చీపురు వద్దు, వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు. ఒకటి గోలీని వందగా చేస్తుంది, రెండోది ఆవిరిగా గదంతా చల్లుతుంది. గట్టి అట్టముక్కతో గోలీలను ఒక దగ్గరికి తోసి, మందు చుక్కలు వేసే డ్రాపరుతో పీల్చి, మూతున్న సీసాలో వేయండి. నలుసులను టేపుతో అద్దండి. ఆ టేపు, అట్ట, గాజుముక్కలు అన్నీ ఆ సీసాలోకో గట్టి కవరులోకో వెళ్లాలి. సింకులోకి, మోరీలోకి, బాత్రూమ్‌లోకి వెళ్లకూడదు.

ట్యూబులైటు, సీఎఫ్‌ఎల్ బల్బుల్లోనూ కొద్ది మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. వాటిని పగలగొట్టి చెత్తబుట్టలో వేయకండి. 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు పగిలిన థర్మామీటర్లను, ట్యూబులైట్లను ఇళ్ల నుంచి వచ్చే ప్రమాదకర వ్యర్థాల కింద విడిగా లెక్కగట్టాయి. మీ అపార్ట్‌మెంటు సంఘం సమావేశంలో ఒక పెట్టె పెట్టించండి. నిండాక ఈ-వ్యర్థాల సేకరణదారులకు అప్పగించవచ్చు.

తెల్లబడే క్రీముల మాట కూడా చెప్పాలి. పేరూ ఊరూ లేని లేబుళ్లతో వచ్చే కొన్నిట్లో పాదరసం ఉంటుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో అలాంటి క్రీములు రాసుకున్నవారికి మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులు వచ్చాయి. మొహం కడిగిన నీళ్లతో అదీ మోరీలోకే పోతుంది.

అడగాల్సింది అడుగుదాం

ఇంట్లో మనం ఎంత జాగ్రత్తపడినా, చెరువు మట్టిని పరీక్షించే యంత్రం మన ఇంట్లో ఉండదు. అది ప్రభుత్వం పని. మినమాట పేరుతోనే 2013లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. భారతదేశం 2018లో దాన్ని ధ్రువీకరించింది. సంతకానికి విలువ ఉండాలంటే మన ఊళ్లో మూడు పనులు జరగాలని నా అభిప్రాయం.

మొదటిది, పూడికకు ముందు పరీక్ష. మిషన్ కాకతీయలో పల్లె చెరువుల మట్టి తీసి పొలాల్లో చల్లుకున్నారు. పల్లె చెరువు మట్టి పైరుకు బలం, అది మంచి పనే. నగరం మురుగు పట్టిన చెరువు మట్టి అలాంటిది కాదు. హుస్సేన్‌సాగర్ అయినా, ఇప్పుడు పెద్ద ఎత్తున అభివృద్ధి చేస్తామంటున్న మూసీ అయినా, అడుగు మట్టిలో పాదరసం ఎంతో తేల్చకుండా ఒక్క లారీ కదలకూడదు. కలియబెడితే నిద్రపోతున్నది లేచి నీళ్లలో కలుస్తుంది. తీసుకెళ్లి ఏ పొలంలోనో పారబోస్తే ఒక ఊరి జబ్బు ఇంకో ఊరికి అంటించినట్టే.

రెండోది, చేపల పరీక్ష. ఏటా మృగశిరకు ముందు నగరం చుట్టుపక్కల చెరువుల చేపల్లో పాదరసం చూసి, ఏ చెరువు చేప తినొచ్చో, ఏది వద్దో తెలుగులో, ఉర్దూలో బోర్డు పెట్టాలి. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఉప్పల్ దారిలో ఎన్‌జీఆర్‌ఐ ఉంది. ఈసీఐఎల్‌లో ఆ ప్రయోగశాల ఉంది. కొడైకెనాల్ దాకా వెళ్లి కొలిచినవాళ్లకు ట్యాంక్‌బండ్ దూరమా? పరీక్షించాక తిననక్కర్లేదని తేలిన చెరువుల మీద బతికే మత్స్యకారులకు పరిహారం కూడా అందులో భాగమే. వాళ్లు పోసిన విషం కాదది.

మూడోది, మా వైద్యుల పని. ప్రతి క్లినిక్, ప్రతి ల్యాబు, దంతవైద్యశాల పాదరసాన్ని లెక్కపెట్టి అప్పగించాలి. వెండి రంగు పంటి ఫిల్లింగులో దాదాపు సగం పాదరసమే. ఆ పొడి వాష్‌బేసిన్‌లోకి పోకూడదు. మీరు వెళ్లే డాక్టరును "మీ పాత బీపీ మిషను ఏం చేశారండీ?" అని అడగండి. అడిగితే నాకూ కోపం రాదు. ఎవరైనా ఆ రోజు నన్ను అడిగి ఉంటే బాగుండేది.

ఫోను చేసిన ఆ తల్లి సాయంత్రం క్లినిక్‌కి వచ్చింది. బాబుకి జ్వరం తగ్గింది. ఆమె చేతిలో మూత బిగించిన హార్లిక్స్ సీసా. మంచం కిందా, పాపిడి బిళ్ల పెట్టే అర మూలలోనూ మిగిలిన నాలుగు గోలీలను అట్టముక్కతో ఏరి తెచ్చింది. "సింకులో పోసినవి ఎలాగూ తేలేనండీ, వీటినైనా మీకిస్తాను" అంది. ఆ సీసా మా క్లినిక్‌లో ఈ-వ్యర్థాల పెట్టెలో భద్రంగా ఉంది. మీ ఇంటి అరలో కూడా ఒక పాత థర్మామీటరు ఉండే ఉంటుంది. ఈ రోజు ఆదివారమే కదా, ఒకసారి వెతకండి.